నాలుగో ఎర

“ఫ్లాస్కు ఆవిడది. అందులో కాఫీ ఆవిడది. అది తాగి చచ్చినవాడు ఆవిడ ఎదురుగా కూర్చుని ఆడుతున్నవాడు. ఇంకేం కావాలి మావయ్యగారూ?”

ఈ మాటలంటూ ఇన్‌స్పెక్టర్ క్లబ్బు ఆఫీసుగది కుర్చీలో వెనక్కి వాలాడు. అతని వాదనలన్నీ సాధారణంగా అక్కడితో పూర్తవుతాయి.

“మీకు ఇంకేమీ అక్కరలేదు అల్లుడుగారూ,” అన్నాడు డిటెక్టివ్. “మీకెప్పుడూ మొదట దొరికిందే చాలు. మా అమ్మాయి చెప్తూనే ఉంటుంది. కూరగాయలకు పంపితే మొదటి బుట్టలోవే తెస్తారట, పుచ్చులతో సహా.”

తలుపు దగ్గర నిలబడిన కానిస్టేబుల్ హఠాత్తుగా తన బూట్ల వైపు శ్రద్ధగా చూడసాగాడు.

డిటెక్టివ్ అదే పోలీసు శాఖలో పనిచేసి విరమించినవాడు. ఆయన చాదస్తాన్ని భరించలేక శాఖ ఆనందంగా సాగనంపింది. ఆయన అంతకంటే ఆనందంగా బయటికి వచ్చి సొంతంగా కేసులు చూడసాగాడు. స్టేషనులో ఆయన కుర్చీలో ఇప్పుడు ఆయన అల్లుడే కూర్చుంటున్నాడు. ఆ కుర్చీకి అంతకంటే అవమానం జరగలేదని ఆయన అభిప్రాయం.

కేసు చూడటానికి చిన్నదే. పట్టణ చదరంగం పోటీలో ఆఖరి ఆట క్లబ్బు మేడమీది హాలులో తలుపులు మూసి ఆడించారు. లోపల ఇద్దరు ఆటగాళ్ళు, ఆటకు తీర్పరిగా కూర్చున్న ఆర్బిటర్ తప్ప మరొక ప్రాణి లేదు. ఫోన్లన్నీ ఆర్బిటర్ సొరుగులో ఉన్నాయి. నల్లపావులతో ఆడినవాడు ఛాంపియన్. ఎదుటివాడిని కరవకుండా, తొందరపడకుండా, మెల్లగా చుట్టుకుని ఊపిరాడకుండా చేసి గెలిచేవాడు కనుక అందరూ అతన్ని కొండచిలువ అనేవారు. తెల్లపావులతో ఆడినది ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే స్త్రీ. ఆమె ఆట మొదలుపెట్టగానే ఒక బంటును ఊరికే వదిలేస్తుంది. ఎదుటివాడు దాన్ని తింటున్నంతలో తన బలగాన్ని అతని రాజు మీదికి దూకిస్తుంది. ఈ రకం ఎత్తుగడను గాంబిట్ అంటారు. ఆమెను అందరూ అగ్గిపుల్ల అంటారు.

ఆట సగంలో కొండచిలువ లేచి వెనక ఉన్న విశ్రాంతి గదిలోకి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాకపోయేసరికి ఆర్బిటర్ వెళ్ళి చూసింది. నేలమీద పడి ఉన్నాడు. అగ్గిపుల్ల ఫ్లాస్కు మూత తీసి ఉంది. అందులో గుండె దడను తగ్గించే మాత్రలు కరిగించి ఉన్నాయని, అవి ఆరోగ్యవంతులకు కళ్ళు తిరిగేలా చేస్తాయే గాని, అప్పటికే ఆ మాత్రలు వాడుతున్న ఆయన గుండెను మాత్రం ఆపేశాయని డాక్టరు తేల్చాడు.

“ఆ మాత్రల డబ్బా ఆవిడ ఇంట్లో దొరికింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఆవిడ అత్తగారు వాడుతుంది.”

“చచ్చిపోయినాయన కూడా వాడేవాడు.”

“ఊళ్ళో సగంమంది వాడతారు. మీరూ వాడుతున్నారు కదా.”

“మిమ్మల్ని అల్లుణ్ణి చేసుకున్న దగ్గర్నుంచీ.”

ఇన్‌స్పెక్టర్ మొహం గంటు పెట్టుకున్నాడు. “ఆడ కానిస్టేబుల్‌తో జీపు బయల్దేరింది. అది వచ్చేదాకా మీ సరదా తీర్చుకోండి. ఆ తర్వాత ఆవిడ లోపల, మీరు ఇంట్లో.”

“ఒక్క మాట చెప్పండి. ఆట మొదట్లో ఆవిడతో చెయ్యి కలిపి, వెంటనే రుమాలుతో చెయ్యి తుడుచుకున్న మనిషి, ఆవిడ కాఫీ ఎందుకు తాగాడు?”

“దాహమేసి.”

“ఆయన ఫ్లాస్కు ఆయన బల్లమీదే నిండుగా ఉంది.”

“ఎర వేసింది మావయ్యగారూ. ఆవిడ ఆటే అది. బంటును ఎర వేసేవాళ్ళకు కాఫీ ఎర వెయ్యడం కష్టమా?”

అల్లుడి బుర్రలో ఒక ఉపమానం పుట్టడం డిటెక్టివ్‌ను కాస్త ఆశ్చర్యపరిచింది. పుట్టినది తప్పుడు చోట పుట్టిందని ఆయన తనలో తాను సమాధానపడి, హాలులోకి నడిచాడు.

అగ్గిపుల్ల గోడవారన బెంచీమీద కూర్చుని ఉంది. ఆమె వేళ్ళ చివర్లు గాజుపొడికి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం ఏడ్చిన కళ్ళు కావు. హాలు మధ్యనున్న బల్లను, దానిమీది చదరంగాన్ని పోలీసులు దుప్పటితో కప్పేశారు. ఆమె ఆ దుప్పటి వైపే చూస్తోంది.

“ఆట జరుగుతుండగా వెనక గదిలోకి వెళ్ళావా అమ్మా?”

“లేదు సార్. మొదలయ్యేముందు ఫ్లాస్కు పెట్టి వచ్చానంతే. ఆట మధ్యలో నేను కుర్చీలోంచి లేవను. నేను లేస్తే నా ధైర్యం కూడా లేచిపోతుంది.”

“మరి కాఫీ ఎప్పుడు తాగుదామని?”

“గెలిచాక.”

“ఓడిపోతే?”

“ఇంటికెళ్ళి మా అత్తగారు పెట్టిన కాఫీ తాగడమే. ఓడినందుకు ఆ శిక్ష చాలు.”

ఆ అత్తగారే డిటెక్టివ్‌ను ఈ పనికి నియమించింది. “దానికి ఇంటిపని రాదు, వంటపని రాదు, అబద్ధమాడటం అసలే రాదు. దాన్ని విడిపించి తీసుకురండి, మిగతాది నేను చూసుకుంటాను,” అని ఆమె పంపిన సందేశం. డిటెక్టివ్ తన వృత్తిలో ఇంతకంటే నమ్మదగిన యోగ్యతాపత్రం చూడలేదు.

“ఆయన చివరిసారి ఎప్పుడు లేచాడు?”

“నేను శకటుతో, అదే బిషప్‌తో, చెక్ పెట్టాక. అప్పటికే ఒక బంటునిచ్చాను, గుర్రాన్నీ ఇచ్చాను. అప్పుడు నా శకటుతో ఆయన రాజు పక్కనున్న బంటును తిని, ఆ గడిలోనే నిలబెట్టాను. రాజు దాన్ని తినేయచ్చు. ఆయన నవ్వి, ఇదీ నాకేనా అన్నాడు. అని, గడియారం నడుస్తుండగానే లోపలికి వెళ్ళిపోయాడు.”

“అది నువ్వు ముందుగా అనుకుని వేసిన ఎత్తేనా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. “కాదు సార్. అక్కడ శకటును కదపొద్దనే పుస్తకాల్లో ఉంటుంది. నిదానంగా ఒక బంటును జరుపుకోమంటాయి. నేనూ అదే వేద్దామనుకున్నాను. ఈలోగా ఆయన నా మొహం చూసి ఆవలించాడు. ఇంత నోరు తెరిచి. అందుకని వేశాను.”

“ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?”

“ఎవరు అడిగారు? వీళ్ళొచ్చారు, దుప్పటి కప్పారు, మాత్రలెక్కడివని అడిగారు. ఆట గురించి ఒక్కరూ అడగలేదు.”

డిటెక్టివ్ ఆర్బిటర్ వైపు తిరిగాడు. ఆమె ఒకప్పటి లెక్కల టీచరు. ఇప్పటికీ ఎదుటివారి మాటలు దిద్దుతున్నట్టే వింటుంది. “నేనూ ఎవరికీ చెప్పలేదు,” అంది. “ఆట ఇంకా ముగియలేదు. ముగియని ఆట గురించి ఆర్బిటర్ మాట్లాడకూడదు.”

“ఒక ఆటగాడు చచ్చిపోయినా?”

“ఆ విషయం మా నియమాల్లో లేదు.”

“మీరు చూశారా, ఏ బొమ్మ ఎక్కడుందో?” అని డిటెక్టివ్ అల్లుణ్ణి అడిగాడు.

“బొమ్మలు చూడటం నా పని కాదు. శవం ఎక్కడుందో చూశాను.”

“అది చూడకుండా ఉండటం కష్టం. కాలికి తగులుతుంది.”

విశ్రాంతి గది ఇరుకైనది. రెండు చిన్న బల్లలు, చెరో బల్లమీద నిర్వాహకులిచ్చిన ఒకే రకం స్టీలు ఫ్లాస్కు, బల్లకొక కుర్చీ. తెల్లపావులవారికి తెల్లమూత, నల్లపావులవారికి నల్లమూత. పొరపాటున ఒకరిది మరొకరు తాగడానికి గుడ్డివాడై ఉండాలి. వెనకవైపు తలుపు ఊడ్చేవాళ్ళ మెట్లమీదికి తెరుచుకుంటుంది. పోలీసులు వచ్చేటప్పటికి దాని గడియ తీసే ఉందని ఇన్‌స్పెక్టర్ గుర్తించాడు; గుర్తించి ఊరుకున్నాడు.

డిటెక్టివ్ మొదట కిటికీ తెరిచాడు. అది పీక నులిమినట్టు అరిచింది. హాలువైపు తలుపు తోశాడు. అదీ మూలిగింది. అప్పుడు వెనక తలుపు గడియను ఒక్క వేలితో నెట్టాడు. అది వెన్నలో కత్తిలా జారింది. వేలు వాసన చూసుకుని, ఆ వేలిని అల్లుడి ముక్కు ముందు పెట్టాడు.

“కుట్టుమిషను నూనె,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ అయిష్టంగా.

“భేష్. ఇది క్లబ్బువాళ్ళు పూసింది కాదు. ఈ క్లబ్బులో ఎవరూ ఏ పనీ చెయ్యరని ఆ కిటికీయే గొంతెత్తి చెప్తోంది. చప్పుడు వినబడకూడదనుకున్నవాడు పూసింది. పైగా ఈ గడియ లోపలివైపు ఉంది. బయటివాడు తియ్యలేడు. ఆట జరుగుతుండగా ఈ గదిలోకి వచ్చింది ఆయన ఒక్కడే. ఎవరికోసం తీశాడు?”

“గాలికోసం.”

“కిటికీ ఉండగా?” డిటెక్టివ్ నల్లమూత ఫ్లాస్కున్న బల్ల దగ్గర చూపు నిలిపాడు. దాని దగ్గర రెండు కుర్చీలున్నాయి, ఎదురెదురుగా. తెల్లమూత ఫ్లాస్కు బల్ల దగ్గర ఒక్కటీ లేదు. “గాలి కుర్చీలో కూర్చోదు అల్లుడుగారూ.”

గుమ్మంలో నిలబడిన ఆర్బిటర్ ఈ కుర్చీలను అప్పుడే చూసింది. ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది. “ఆట మధ్యలో శిక్షకుణ్ణి పిలిపించుకుని సలహాలడగటమా,” అంది మెల్లగా. “అన్ని పోటీల్లోనూనా?”

“నూనె ఎండలేదు. కాని గడియను మాటిమాటికీ తీసిన గీతలు పాతవి,” అన్నాడు డిటెక్టివ్.

కొండచిలువకు శిక్షకుడు అతని బావమరిదే. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఛాంపియన్ వెనక నడిచీ నడిచీ ఆ వంపు వచ్చిందని చెప్పుకుంటారు. బావగారి సంచి మోసేదీ, వేళకు మాత్రలిచ్చేదీ, రాత్రంతా కూర్చుని ఎత్తుగడలు తయారుచేసేదీ అతనే. పత్రికలకు ఛాంపియన్ ఇచ్చిన కబుర్లలో మాత్రం అతని ప్రస్తావన ఉండేది కాదు. ఒకే ఒకసారి, ఫొటోలో పక్కనున్నదెవరని అడిగితే, “మా ఆవిడ తమ్ముడు. ఊరికే ఉంటాడు,” అన్నాడట.

కానిస్టేబుల్ అతన్ని పక్కగదిలోకి తీసుకువచ్చాడు. అక్కడ బల్లమీద క్లబ్బువారి మరో చదరంగం పెట్టి, డిటెక్టివ్ దానిమీద పావులు పేరుస్తున్నాడు. అగ్గిపుల్ల, ఆర్బిటర్, ఇన్‌స్పెక్టర్ గోడవారన బెంచీమీద ఉన్నారు.

“ఆట జరుగుతున్నప్పుడు మీరెక్కడున్నారు?” అని అడిగాడు ఇన్‌స్పెక్టర్, అడగాలి కనుక.

“ఎదురుగా లాడ్జిలో. తలనొప్పి. పడుకున్నాను. మీ వాళ్ళు తలుపు కొట్టి లేపేదాకా నాకేమీ తెలీదు.”

“ఆట ఎలా సాగిందో కూడా?”

“తలుపులు మూసి ఆడించారు. ఎలా తెలుస్తుంది?” అంటూ అతను బల్లవైపు చూసి ముక్కు చిట్లించాడు. “ఏమిటండీ అది?”

“ఆ అమ్మాయి చెప్పింది, నేను పేరుస్తున్నాను,” అన్నాడు డిటెక్టివ్ వినయంగా. ఆయన వినయం చూసి ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడ్డాడు. “మీ బావగారి మనఃస్థితి తెలుసుకుందామని. నాకు చూడగా పాపం చిత్తుగా ఓడిపోతున్నట్టున్నాడు. ఆ అవమానం భరించలేక తనే మాత్రలు మింగాడేమోనని నా అనుమానం.”

“ఓడిపోవడమా? మా బావా? దీని చేతిలోనా?” అతను అగ్గిపుల్ల వైపు వేలైనా చూపలేదు. “ముందు ఆ పలక తిప్పండి. కుడిచేతి మూల తెల్లగడి ఉండాలి. చిన్నపిల్లలకు మొదటిరోజు నేర్పేది అది.”

డిటెక్టివ్ క్షమాపణ చెప్పుకుని పలక తిప్పాడు. పావులు సగం పడిపోయాయి. వాటిని మళ్ళీ నిలబెట్టేటప్పుడు నల్లగుర్రాన్ని శకటు గడిలోనూ, శకటును గుర్రం గడిలోనూ పెట్టాడు.

“మావయ్యగారూ, వద్దండీ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకుంటూ. “జీపు వచ్చేసింది, హారన్ వినబడుతోంది.”

“ఒక్క నిమిషం. ఇది ఇలాగేనా బాబూ?”

బావమరిది విసుగ్గా రెండు పావులనూ తారుమారు చేశాడు. “ఇది ఇక్కడ. అది అక్కడ. మీకు ఈ వయసులో ఇదంతా ఎందుకండీ? పేకాడుకోండి.”

“తెలుసుకుందామని. మరి ఈ నల్లరాజు ఇలా ఒంటరిగా ఉంటే, తెల్లవాళ్ళు ఇంతమంది మీద పడుతుంటే, ఓడిపోతున్నట్టే కదా? ఎవరో సరిగ్గా తర్ఫీదు ఇవ్వలేదనిపిస్తుంది.”

అతని మెడమీద నరం ఉబ్బింది. డిటెక్టివ్ అప్పటికి తన పరువును బంటు తర్వాత బంటుగా అతని ముందు పోగుపెట్టాడు. అతను ఒక్కటీ వదలకుండా తిన్నాడు.

“తర్ఫీదు గురించి మీరు చెప్పాలా? చూడండి, కళ్ళుంటే చూడండి. ఆవిడకు బుర్ర లేదు. ఉన్నదంతా దానం చేసుకుంటూ పోయింది. శకటు ఇక్కడ కాదు ఉన్నది,” అంటూ అతను తెల్లశకటును ఎత్తి, నల్లరాజు పక్కనున్న బంటును పక్కకు తీసేసి, ఆ గడిలో టక్కున నిలబెట్టాడు. “ఇక్కడ. రాజు దీన్ని తినేస్తాడు. తిన్నాక ఆవిడ దగ్గర ఏం మిగిలింది? బూడిద. మా బావ ఓడిపోవడమేమిటి?”

కింద జీపు హారన్ మరోసారి మోగింది.

మొదట కదిలింది ఆర్బిటర్. ఆమె బల్ల దగ్గరికి వచ్చి, పావులను ముట్టుకోకుండా, లెక్క తప్పిన పిల్లవాడిని అడిగినట్టు అడిగింది. “ఈ ఎత్తు మీకెవరు చెప్పారు?”

“ఏ ఎత్తు?”

“శకటుది. ఈ డిటెక్టివ్‌గారు చేసిన మిగతా తప్పులు ఎవరైనా దిద్దుతారు. ఇది తప్పు కాదు. శకటు అంతకుముందున్న గడిలో ఉండటమే సబబు. పుస్తకాలన్నీ అక్కడే ఉంచమంటాయి. ఆట తెలిసినవాళ్ళెవరూ దాన్ని కదపరు.”

“ఊహించాను.”

“బుర్ర లేనిదాని ఎత్తును ఊహించారా?” అన్నాడు డిటెక్టివ్. ఆయన గొంతులోని వినయం ఎటుపోయిందో తెలియదు. “ఆ ఎత్తు వేసేదాకా వేస్తానని ఆవిడకే తెలియదు. వేసిన మరుక్షణం మీ బావగారు లేచి వెనక గదిలోకి వెళ్ళాడు. ఆ తర్వాత బల్లమీద దుప్పటి పడింది. ఆ శకటు సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు ఇక్కడున్నారు, మాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మూడోవాడు మీకు చెప్పాడు. చచ్చిపోయేముందు, ఆ గదిలో, ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి.”

కానిస్టేబుల్ ఎవరూ చెప్పకుండానే తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

బావమరిది తాను నిలబెట్టిన శకటు వైపు చూశాడు. ఇంతమంది అజ్ఞానులకు పాఠం చెప్పబోయి తన మెడకు తానే ఉరి తగిలించుకున్నానన్న చిరాకు తప్ప అతని మొహంలో మరేమీ కనబడలేదు.

“మంచి ఎత్తే,” అన్నాడు. అన్నది ఆమె ఎత్తునో, డిటెక్టివ్ ఎత్తునో చెప్పలేదు.

“మాత్రలు కలిపింది నువ్వే,” అన్నాడు డిటెక్టివ్.

“ఆవిడ చెక్ పెట్టకముందు ఆయన ఒకసారి వచ్చాడు. ఆవిడ దూకుడు చూసి గాభరాపడుతున్నాడు. పైకి నవ్వేవాడు, లోపల వణుకు. ఏదో ఒకటి చెయ్యి, ఓడిపోతే నిన్నూ మీ అక్కనూ వీధిలో పెడతాను అన్నాడు. ఆయన అటు వెళ్ళగానే ఆ తెల్లమూత ఫ్లాస్కులో కలిపాను. ఎప్పుడో ఒకసారి వచ్చి తాగుతుంది, కళ్ళు తిరుగుతాయి, తప్పుగా ఆడుతుంది. అంతే. చంపాలని కాదు.”

“కలిపానని ఆయనకు చెప్పలేదా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ సాయంత్రం అతను అడిగిన మొదటి పనికొచ్చే ప్రశ్న అది.

“చెప్పేంతలో ఎక్కడ ఆగాడు? మళ్ళీ వచ్చాడు, నవ్వుకుంటూ, తొడ కొట్టుకుంటూ. శకటు కూడా ఇచ్చేసిందిరా అన్నాడు. బంటు తిన్నాను, గుర్రం తిన్నాను, ఇప్పుడు శకటు తింటాను. ఇంకేం మిగిలింది దీని దగ్గర అని చుట్టూ చూశాడు. ఫ్లాస్కు కనబడింది. ఇది కూడా నాదే అన్నాడు. మూత తీశాడు.”

డిటెక్టివ్ మధ్యాహ్నం నుంచి వెతుకుతున్న జవాబు అది. రుమాలుతో చెయ్యి తుడుచుకున్న మనిషి ఆ కాఫీ ఎందుకు తాగాడో ఇప్పుడు తెలిసింది. చెయ్యి తుడుచుకున్న ఆ చిన్నచూపుతోనే తాగాడు.

అగ్గిపుల్ల బెంచీమీదినుంచి లేచింది. ఆట మధ్యలో లేవనని చెప్పిన మనిషి, నిలబడి, పాలిపోయిన వేళ్ళతో బల్ల అంచు పట్టుకుంది.

“అది నాకోసం కలిపింది కదా. అందులో ఏముందో నీకొక్కడికే తెలుసు,” అంది. “నీ అక్క మొగుడు తాగుతుంటే, పక్కనే ఉన్నావు. ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?”

బావమరిది తల ఎత్తాడు. ఆ వంగిన వీపు మొదటిసారి కొంచెం నిటారుగా అయింది.

“ఆయన నోట్లో మాట ఇంకా అయిపోలేదు,” అన్నాడు. “ఆయన మాట్లాడుతున్నప్పుడు మధ్యలో నేను మాట్లాడకూడదు. నాకు ఆట నేర్పించిన మొదటిరోజు ఆయన పెట్టిన షరతు అది.”